8 గంటల షిఫ్టా, 12 గంటల షిఫ్టా?

నర్సుకు 12 గంటల షిఫ్టయితే వారంలో మూడు డ్యూటీలకే 36 గంటలు పూర్తవుతాయి, నాలుగు రోజులు ఇంటికి మిగులుతాయి. కానీ డ్యూటీ రోజున నర్సు పిల్లలు లేవకముందే బయల్దేరి, వాళ్లు పడుకున్నాక ఇల్లు చేరుతుంది. హ్యాండోవర్, అంటే తర్వాతి షిఫ్టు నర్సుకు రోగుల వివరాలు అప్పగించడం, ఆలస్యమైతే 12 కాస్తా 13 అవుతుంది. వరసగా మూడు డ్యూటీలు పడ్డాక మొదటి సెలవు నిద్రకే పోతుంది. దాన్ని ఇంటికిచ్చిన రోజుగా లెక్కేయడం అన్యాయం.

8 గంటలదైతే ఐదు రోజులు వెళ్లాలి, ప్రయాణాలూ ఎక్కువే. అయినా చాలా రోజులు ఒక పూటైనా పిల్లల దగ్గర ఉండొచ్చు. షిఫ్టులు మారేటప్పుడు ఉదయం, సాయంత్రం, రాత్రి అన్న వరసే ఒంటికి కాస్త తేలిక.

పాలు తాగే బిడ్డ ఉంటే నా ఓటు 8 గంటలకే. ఇంట్లో చూసుకునే మనిషి ఉంటే 12 గంటలు నయం, నైట్ డ్యూటీలు వరసగా పడనంత వరకు.