పెప్పర్ స్ప్రే: ఎంపిక కన్నా ఎక్కడ పెట్టుకోవాలన్నదే ముఖ్యం

విజయనగరం నుంచి రోజూ బస్సులో శ్రీకాకుళం వెళ్లి ఉద్యోగం చేసి, చీకటి పడ్డాక ఆర్టీసీ కాంప్లెక్స్ (బస్టాండు) దగ్గర దిగి ఒంటరిగా ఇంటికి నడిచే నాకు ఒక ఆత్మరక్షణ సాధనం తప్పనిసరి అనిపించింది. మొదట, 2014లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం మహిళల కోసం తెచ్చిన నిర్భీక్ రివాల్వర్ గురించి ఆలోచించాను. అది సుమారు అర కిలో బరువే అయినా, లక్ష దాటిన ధర, 1959 నాటి ఆయుధాల చట్టం కోరే లైసెన్సు, విడవకుండా చేయవలసిన సాధన నాకు సాధ్యం కావని గ్రహించి, లైసెన్సు అక్కరలేని పెప్పర్ స్ప్రే కొన్నాను.

డబ్బా అరచేతిలో ఇముడుతుంది, మీట బొటనవేలికి సులువుగా అందుతుంది. కానీ హ్యాండ్‌బ్యాగులో వేస్తే అది గొడుగు, టిఫిన్ డబ్బాల కిందకు జారిపోయి, ఇంట్లో పరీక్షించినప్పుడు వెతకడానికే చాలాసేపు పట్టింది. దర్జీ చేత కుర్తీలకు కుడివైపు లోతైన జేబు కుట్టించుకున్నాక చేయి పెట్టగానే దొరుకుతోంది. చీర కట్టిన రోజుల్లో మాత్రం తాళాల గుత్తికి తగిలించి, బస్సు దిగకముందే చేతిలోకి తీసుకుంటున్నాను. నాకు ఇదే మేలైన పద్ధతిగా తోచింది.

పెరట్లో ఎదురుగాలికి ఒకసారి నొక్కి చూస్తే నా కళ్లే మండాయి కాబట్టి, గాలివాటం గమనించడం అలవాటు చేసుకోవాలి. గడువు తేదీని కంటికి ఆనని అక్షరాలలో ముద్రించడం మాత్రం క్షమించరాని లోపం.