లండన్‌లో స్టీరియో కార్డులు: 18 పౌండ్లకు లోతు తిరగబడ్డ బొమ్మ

స్టీరియో కార్డంటే ఒకే దృశ్యాన్ని ఎడమ కంటికొకటి, కుడి కంటికొకటిగా తీసిన రెండు ఫొటోలు పక్కపక్కన అతికించిన అట్ట; స్టీరియోస్కోప్ అనే జంట అద్దాల వ్యూయర్‌లో చూస్తే దృశ్యంలో లోతు కనిపిస్తుంది. పోర్టొబెల్లో రోడ్డు సంతలో శనివారం 18 పౌండ్లకు కొన్న కార్డు గదికొచ్చి వ్యూయర్‌లో పెడితే, వెనకాల ఉండాల్సిన కొండ ముందుకొచ్చి, ముందున్న చెట్టు అందులో గుంటలా దిగబడింది. కుడి ఎడమ బొమ్మలు తారుమారుగా అతికించారు. 'వ్యూయర్‌లో చూపించండి' అంటే అమ్మేవాడు వ్యూయర్ లేదన్నప్పుడే ఆ బల్ల వదిలేయాల్సింది.

ఈ తప్పు ఎలా వస్తుందంటే, జంట లెన్సుల కెమెరాలో ఒక్కో లెన్సు తన బొమ్మను విడిగా తలకిందులు చేస్తుంది. నెగెటివ్‌ను కోయకుండా అచ్చు వేస్తే కుడిది ఎడమకు, ఎడమది కుడికి వచ్చేస్తుంది. అచ్చును మధ్యకు కోసి, చోట్లు మార్చి అతికించాలి. ఊడిన బొమ్మను మళ్ళీ అంటించేవాళ్ళు కూడా ఇక్కడే తప్పుతారు. వ్యూయర్ లేకుండానే పట్టుకోవచ్చు: దగ్గరి వస్తువు, దాని వెనకున్న దృశ్యంతో పోలిస్తే, ఎడమ బొమ్మలో కాస్త కుడికి జరిగి ఉండాలి. ఎడమకు జరిగి ఉంటే కొనకండి. భూతద్దం కూడా తీసుకెళ్ళండి. చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది ప్రెస్సులో అచ్చైన చవక కార్డు, ఫొటో కాదు.

వెతికింది లండన్ స్టీరియోస్కోపిక్ కంపెనీ కార్డుల కోసం. 1854లో జార్జ్ స్వాన్ నాటేజ్ పెట్టిన కంపెనీ అది. స్టీరియోస్కోప్ లేని ఇల్లు ఉండకూడదన్నది దాని నినాదం. 54, చీప్‌సైడ్‌లో ఉన్న వాళ్ళ దుకాణం కోసం వెళ్ళకండి. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులకు ఆ వీధి చాలావరకు పోయింది. అక్కడికి నడక దూరంలోనే సెయింట్ పాల్స్ చర్చి. నాటేజ్ లండన్ లార్డ్ మేయర్‌గా ఉండగానే 1885లో చనిపోయాడు, సమాధి చర్చి నేలమాళిగలో ఉంది. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. ఆదివారం ప్రార్థనలకే తెరుస్తారు, చూడ్డానికి వదలరు. ఫొటోలమ్మినవాడి సమాధికి టికెట్టా అని అత్తయ్యగారు మెట్లు దిగినంతసేపూ విసుక్కున్నారు. పైన గుమ్మటం చూశాక సర్దుకున్నారు.

బస మాత్రం పెద్ద దెబ్బ. ఎర్ల్స్ కోర్ట్‌లో రాత్రికి 92 పౌండ్ల గది, నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. ఖాళీ చేశాక సాయంత్రం దాకా పెట్టెలు ఉంచినందుకు ఒక్కోదానికి 5 పౌండ్లు అడిగారు. పెద్దవాళ్ళుంటే బుక్ చేసే ముందే లిఫ్టు, సామాను సంగతి రాతపూర్వకంగా అడగండి. అక్కడి నుంచి సౌత్ కెన్సింగ్టన్‌కు రైలు నేరుగా వెళ్తుంది, ఆ ఒక్క సుఖం ఉంది.

సౌత్ కెన్సింగ్టన్‌కు ఒక పూట పూర్తిగా కేటాయించండి. 1862 అంతర్జాతీయ ప్రదర్శనలో ఫొటోలు తీసే హక్కు మొత్తం తమకే దక్కాలని ఈ కంపెనీ 3,000 గినీలు (గినీ అంటే పౌండు కంటే కాస్త ఎక్కువ) కట్టింది. ఆ ప్రదర్శన జరిగిన చోటే ఇప్పుడు నేచురల్ హిస్టరీ మ్యూజియం ఉంది. రోడ్డు దాటితే వీ అండ్ ఏ (విక్టోరియా అండ్ ఆల్బర్ట్) మ్యూజియం, అందులో ఫొటోగ్రఫీ గదులు. రెండింటికీ ప్రవేశం ఉచితం. శుక్రవారమైతే వీ అండ్ ఏ రాత్రి 10 దాకా ఉంటుంది, రద్దీ తప్పించుకోవాలంటే అప్పుడు వెళ్ళండి.

ఆ ప్రదర్శన కార్డే ఒకటి, మరో దుకాణంలో 22 పౌండ్లకు దొరికింది. యజమానురాలు అడక్కుండానే వ్యూయర్ చేతికిచ్చి, కిటికీ వెలుగు మన భుజం మీంచి కార్డు మీద పడేలా నిలబెట్టింది. పాలరాతి విగ్రహం మోచేయి మన మీదికి పొడుచుకొచ్చింది. దాని వెనక వరసలో ఇంకో విగ్రహం, ఆ వెనక స్తంభాలు, దేని దూరం దానిదే. ఆ 22 పౌండ్లకు బేరమాడాలనిపించలేదు.