పీఎఫ్ఎల్ మీట కోసమే ఈ మిక్సర్‌ను ఉంచుకున్నాను

ఒక్కో మైకుకు ఒక్కో ఛానెల్ చొప్పున శబ్దాలను కలిపి స్పీకర్లకు పంపే ఈ 12 ఛానళ్ల అనలాగ్ మిక్సర్‌ను కొన్నేళ్లుగా చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల పెళ్లిళ్లకు, హరికథలకు, ఎండాకాలం మహాభారత ఉత్సవాలకు తిప్పుతున్నాను. ఎన్ని మైకులు పెట్టవచ్చు, ఎన్ని ఎఫెక్టులున్నాయి వంటివి అట్టపెట్టె మీదే రాసి ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. కొన్న రోజు కొట్టులో ఎవరూ చూపించనిది ఒకటుంది. ప్రతి ఫేడర్ (ఆ ఛానెల్ శబ్దాన్ని పెంచి తగ్గించే జారుడు మీట) పక్కన గోరంత ఉండే పీఎఫ్ఎల్, అంటే ‘ప్రీ ఫేడ్ లిజన్’ మీట. దీన్ని ఇంకా అమ్మకుండా ఉంచుకున్నానంటే ఆ మీట కోసమే.

శబ్దం ఫేడర్‌ను చేరకముందే కొంత పక్కకు తీసి హెడ్‌ఫోన్లకు పంపడం దాని పని. ఫేడర్ పూర్తిగా దించి ఉన్నా సరే, ఆ ఒక్క మైకు నా చెవికి వినిపిస్తుంది. మైదానంలో ఎవరికీ తెలియదు. నొక్కి ఉన్నంతసేపు మీటరు కూడా ఆ ఛానెల్ స్థాయినే చూపిస్తుంది. గెయిన్, అంటే మైకు శబ్దాన్ని మొదట్లోనే పెంచే మోతాదు, సరిచేసుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన దారి లేదు. హరికథ చెప్పేవారు మైకు పరీక్షకు మెల్లగా ‘హరే రామ’ అని ఊరుకుంటారు. కథలో భీముడికి కోపం వచ్చేసరికి ఆ గొంతు ఎక్కడికో లేస్తుంది. అందుకే “స్వామీ, గట్టి పద్యం ఒకటి ఎత్తుకోండి” అని ముందే అడుగుతాను. ఆ పద్యానికి మీటరు సున్నా దగ్గర ఆడేలా గెయిన్ పెట్టుకుంటే తర్వాత శబ్దం పగలదు.

ఇవన్నీ మామూలు ఉపయోగాలే. అసలు మేలు అర్జున తపస్సు రోజున జరిగింది. ఈ వైపు భారతం చూడనివారికి ఒక మాట: చాలా ఊళ్లలో ఉత్సవం 18 రోజులు నడుస్తుంది, పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. తపస్సు రోజున అర్జున వేషధారి ఎత్తయిన మాను ఎక్కుతూ పద్యాలు పాడతాడు. సంతానం కోరుకునే స్త్రీలు కింద సాష్టాంగపడి ఉంటారు. ఆయన చొక్కాకు వైర్‌లెస్ కాలర్ మైకు పెట్టి పంపించాను. సగం మాను ఎక్కాడో లేదో, స్పీకర్లలో గొంతు ఠక్కున ఆగిపోయింది.

కమిటీ పెద్దలంతా నా బల్ల చుట్టూ మూగారు. “బ్యాటరీ అయిపోయి ఉంటుంది నాయనా, తాడు కట్టి కొత్తది పైకి పంపించు” అన్నారు ఒకరు. వైర్‌లెస్ మైకు ఆగిందంటే ఎవరైనా ముందు అనుమానించేది బ్యాటరీనే మరి. నేను ఆ ఛానెల్ పీఎఫ్ఎల్ నొక్కాను. హెడ్‌ఫోన్లలో అర్జునుడు ఆయాసంతో సహా స్పష్టంగా పాడుతున్నాడు! అంటే మైకు బాగుంది, బ్యాటరీ బాగుంది, రిసీవర్, కేబుల్, గెయిన్ అన్నీ బాగున్నాయి. దెబ్బతిన్నది ఫేడర్ దగ్గరో, దాని తర్వాతో. మద్దెల, హార్మోనియం వినపడుతూనే ఉన్నాయి కాబట్టి మెయిన్ లైను మీద కూడా అనుమానం లేదు. ఇక మిగిలింది ఫేడర్ ఒక్కటే. వేలితో నొక్కిపడితే గొంతు వస్తోంది, వదిలితే పోతోంది. రిసీవర్ కేబుల్ పీకి పక్కనున్న ఖాళీ ఛానెల్‌కు మార్చి, గెయిన్ అంతే పెట్టి లేపాను. తర్వాతి పద్యం ఎత్తుకునేసరికి మైదానమంతా మళ్లీ వినపడింది. పైనున్న ఆయనకు ఇదేమీ తెలియనే తెలియదు.

ఈ మిక్సర్ గట్టిదని మొదటి ఏడాది కనిపించినవారందరికీ చెప్పాను. ఆ మాట ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్పాలి. మైదానాల దుమ్ముకు దీని ఫేడర్లు తట్టుకోవు. కాంటాక్ట్ క్లీనర్ కొడితే కొన్నాళ్లు దారికి వస్తాయి, మళ్లీ గరగర మొదలు. ఒక్క ఫేడర్ మార్చాలన్నా నాబ్‌లన్నీ పీకి మొత్తం బోర్డు బయటికి తీయాలి, ఎందుకంటే ఛానళ్లన్నీ ఒకే బోర్డు మీద ఉన్నాయి. సర్వీసు వాళ్లు ఆ పనికి చెప్పిన కూలి వింటే కొత్తదే నయమనిపించింది. ఆ ఛానెల్‌కు అడ్డంగా టేపు అంటించి 11 ఛానళ్లతోనే నెట్టుకొస్తున్నాను.

పీఎఫ్ఎల్ మీద కూడా ఒక ఫిర్యాదు ఉంది. నొక్కిన మీటకు, నొక్కని మీటకు ఎత్తులో తేడా నూలుపోగంత. పక్కన దీపం లేదు. రాత్రి నాటకంలో ఏది నొక్కి ఉందో తడిమి చూసుకోవాలి. అది చూసుకోకపోతే మీటరు ఒక్క మైకును చూపిస్తుంటే మొత్తం శబ్దం అదేననుకునే ప్రమాదం ఉంది. పైగా ఫేడర్ దాటాక జరిగేవాటిని ఈ మీట చెప్పలేదు. ఆంప్లిఫయర్ ఆగిపోయినా హెడ్‌ఫోన్లలో పాట కమ్మగానే ఉంటుంది. మద్దెల పక్కనే బల్ల వేస్తే చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు లేకుండా ఏమీ వినపడదు, అవి విడిగా కొనాలి.

ఎకో సంగతి అడిగేవారికి: ఉంది, బాగానే ఉంది. దుర్యోధనుడి నవ్వుకు ఎంత పెట్టినా కమిటీ వారికి చాలదు.

నేను ఒక్కడినే బండి ఎక్కించుకుని, ఒక్కడినే దించుకునే మనిషిని. బరువు, ధర, ఎండ అన్నీ చూసుకుంటే నాకు ఇది సరిపోయింది. ఏసీ హాళ్లలో మాత్రమే పని చేసేవారి ఫేడర్లు ఇలా పాడవకపోవచ్చు, అప్పుడు వారికి ఈ మీట మీద నాకున్నంత ప్రేమ కూడా పుట్టకపోవచ్చు. భారతాలకు తీసుకెళ్లేవారైతే మాత్రం, మీ లెక్కకు ఎన్ని మైకులు కావాలో దానికంటే రెండు ఛానళ్లు ఎక్కువున్నది చూసుకోండి.