నకిరేకల్ దగ్గర బోల్ట్ హుక్ బిగింపు: ఇనుప పని మంచిగుంది, వైరింగ్ మళ్లీ చేయించాలె

బత్తాయి డబ్బాలకో, స్ప్రే పంపుకో చిన్న ట్రైలర్ కట్టాలంటే కారు వెనక హుక్ కావాలి. నల్గొండ చుట్టుపక్కల దానికి రెండు దారులున్నాయి. ట్రాక్టర్ ట్రాలీలు చేసే వెల్డింగ్ షాపులో ఛానల్ ముక్క అతికించుకోవడం ఒకటి, కారు మోడల్‌కి తగ్గ కిట్ తెచ్చి బోల్టులతో బిగించుకోవడం రెండోది. విజయవాడ హైవే మీద నకిరేకల్ దగ్గర ఒక వర్క్‌షాప్ రెండో పని చేస్తుంది. నాలుగు మీటర్ల లోపు ఎస్‌యూవీకి అక్కడ జరిగిన బిగింపు మీద ఈ రివ్యూ. 5కి మూడున్నర ఇవ్వొచ్చు.

వెల్డింగ్ వద్దని వాళ్లు మొదట్లోనే చెప్పారు, అది సరైన మాట. బ్రెజా, నెక్సాన్, వెన్యూ లాంటి బండ్లకు విడిగా చాసి ఉండదు, మడిచిన రేకు బాడీయే చాసి. ఆ రేకు కాలితే బలం తగ్గుతుంది. లోపలి తుప్పు పూత కూడా పోతుంది, అక్కడ తుప్పు పట్టినా బయటికి కనపడదు. సీఎన్‌జీ బండైతే డిక్కీలో సిలిండర్ ఉంటుంది, దాని దగ్గర నిప్పురవ్వలేంటి, డ్రిల్ పెట్టినా పైపు ఎటు పోతుందో చూడకుండా కుదరదు. బొలెరో, బొలెరో నియోలకు చాసి విడిగానే ఉంటుంది, వాటి లెక్క వేరు. అయినా వాటికీ బోల్టే మేలు.

పని వరస బాగుంది. ముందు బ్యాటరీ నెగటివ్ తీశారు. తర్వాత టెయిల్ ల్యాంపులు, బంపర్ క్లిప్పులు, బంపర్. సైలెన్సర్ రబ్బర్లకు సబ్బునీళ్లు రాసి కిందికి దించారు, లాగి తెంపలేదు. కిట్ ప్లేట్ ఆనేచోట అండర్‌కోట్ (బండి అడుగున కొట్టే మెత్తటి పూత) గీకేశారు. చాలాచోట్ల ఈ పని వదిలేస్తారు. మధ్యలో మెత్తటి పొర ఉంటే బోల్టు ఇవాళ టైటుగానే ఉంటుంది, లోడు పడ్డాక ఆ పొర అణిగి లూజవుతుంది. చాసి మెంబర్ (బాడీ అడుగున దూలంలా ఉండే మడిచిన రేకు బాక్సు) బోలుగా ఉన్నచోట లోపల స్పేసర్ గొట్టాలు పెట్టారు. అవి లేకుండా బిగిస్తే బాక్సు నలిగిపోతుంది, బోల్టుకి పట్టు ఉండదు. కొత్తగా వేసిన రంధ్రాల అంచులు నునుపు చేసి జింక్ ప్రైమర్ కొట్టారు. బోల్టులన్నీ ముందు చేత్తో ఎక్కించి, ఆ తర్వాతే బిగించారు.

బిగించడంలోనే కొరత వచ్చింది. ఎయిర్ గన్‌తో టకటకా లాగేశారు, ఎంత బలంతో బిగించామో కొలిచే టార్క్ రెంచ్ అడిగితే గాని బయటికి రాలేదు. 8.8 గ్రేడు బోల్టుల్లో ఎం10కి (10 మిల్లీమీటర్ల లావుది) 45–50, ఎం12కి 80–85 న్యూటన్ మీటర్లు మామూలు లెక్క. కిట్ కాగితంలో వేరే అంకె ఉంటే అదే పాటించాలి. గన్‌తో ఎక్కువ బిగిస్తే బాడీ లోపల అతికిన నట్టు మర పోతుంది, అది మళ్లీ బాగుచేయడం పెద్ద తలనొప్పి. బిగించిన ప్రతి బోల్టు మీదా పెయింట్ గీత పెట్టించుకోండి. 50 కిలోమీటర్లు లాగాక ఒకసారి, 1000 దగ్గర ఇంకోసారి గీత కదిలిందా చూసుకుని టార్క్ పెట్టించాలి.

వైరింగ్‌కి మాత్రం పాసు మార్కులు కూడా కష్టమే. టెయిల్ ల్యాంపు వైర్లు గీకి, చుట్టి, టేపు వేశారు. ఎల్ఈడీ లైట్లున్న బండిలో అట్లా చేస్తే ఇండికేటర్ గబగబా కొట్టుకోవడం, డ్యాష్ మీద వార్నింగ్ రావడం మామూలే. బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజుతో విడిగా లైను తెచ్చి బైపాస్ రిలే (ఆ లైను కరెంటును ట్రైలర్ లైట్లకు ఇచ్చే పెట్టె) పెట్టాలి. టెయిల్ ల్యాంపు నుంచి సిగ్నల్ మాత్రమే తీసుకోవాలి. ట్రైలర్ లైట్ల ప్లగ్గు పెట్టే ఏడు పిన్నుల సాకెట్‌లో పసుపు వైరు ఎడమ ఇండికేటర్, ఆకుపచ్చ కుడి, ఎరుపు బ్రేకు, తెలుపు ఎర్త్, బ్రౌన్, నలుపు రెండూ పార్కింగ్ లైట్లకు. తెలుపు వైరును తుప్పు లేని చోట బిగించకపోతే లైట్లన్నీ పిచ్చిపిచ్చిగా వెలుగుతాయి. వైరు డిక్కీ తలుపు సందులోంచి కాకుండా రబ్బరు గ్రోమెట్‌లోంచి రావాలి. మన ఎర్రమట్టి దుమ్ముకు సాకెట్ మూత తప్పనిసరి.

హుక్ కొసన ఉండే ఇనుప బంతి సైజు వాళ్లు చూడలేదు, మీరు చూసుకోవాలి. కిట్‌తో వచ్చేది 50 మిల్లీమీటర్లు, కొన్ని ట్రైలర్ల కప్లర్ (బంతి మీద కూర్చుని పట్టుకునే భాగం) 2 అంగుళాలది, అంటే 50.8. తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు గాని స్పీడ్ బ్రేకర్ మీద ఆ లూజే కప్లర్‌ను ఎగరగొట్టొచ్చు. తాళం వేశాక ట్రైలర్ ముందు భాగాన్ని జాకీతో కొద్దిగా లేపండి: కారు వెనక భాగం కూడా లేస్తే పట్టినట్టు. సేఫ్టీ గొలుసులు రెండూ కప్లర్ కింద అడ్డంగా దాటేసి, హుక్ ప్లేటుకున్న రంధ్రాలకే వేయాలి, బంపర్‌కి కాదు.

లోడు దగ్గర ముందు కారు మాన్యువల్ తెరవండి. బ్రేకు లేని ట్రైలర్‌కు అందులో బరువు రాసి ఉంటేనే లాగాలి, హుక్ మీద కొట్టిన అంకె కారు శక్తి కాదు. 160 కిలోల ట్రైలర్‌లో 20 కిలోల డబ్బాలు 12 వేస్తే మొత్తం 400. అందులో పదోవంతు, 40 కిలోలు బంతి మీద పడాలి. తూకం మిషన్ మీద బంతి ఎత్తుకు వచ్చేలా చెక్కదిమ్మె నిలబెట్టి, దాని మీద కప్లర్ ఆనిస్తే ఆ బరువు తెలిసిపోతుంది. డబ్బాలన్నీ ఇరుసు వెనక్కి చేరితే హైవే మీద ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది.

ట్రైలర్ లేనప్పుడు బంతి విప్పేసే రకమే తీసుకోండి. రివర్స్ సెన్సర్ ఊరికే మొత్తుకోదు, వెనక నుంచి ఆటో తగిలినా దెబ్బ నేరుగా చాసి మెంబర్‌కి పోదు. చట్టం లెక్కలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే, దానికి విడిగా రిజిస్ట్రేషన్ కావాలి. అందుకని డబ్బు కట్టేముందే ఆర్టీఏ ఆఫీసులో, కారు వారంటీ ఇచ్చిన షోరూమ్‌లో అడిగి, బిల్లు మీద కిట్ నంబరు, బోల్టుల గ్రేడు, పెట్టిన టార్క్ రాయించుకోండి. ఈ వర్క్‌షాప్ అడిగితే రాసి ఇస్తుంది. వైరింగ్‌కి మాత్రం ఆటో ఎలక్ట్రీషియన్‌ను వేరే చూసుకోవాలి.