జంగిల్ బుక్: మూడు సినిమాల్లో ఏది మేలు?

"పిల్లలకి జంగిల్ బుక్ చూపిద్దామనుకుంటున్నాం, ఏది బాగుంటుంది?" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. 1967 నాటి డిస్నీ కార్టూన్, 2016లో జాన్ ఫావ్రో తీసింది, 2018లో ఆండీ సర్కిస్ తీసిన 'మోగ్లీ'. అసలు పోటీ ఈ మూడింటికే. మైసూరు ప్రాంతంలో పుట్టిన సాబు నటించిన 1942 సినిమా, పాతవంటే ఇష్టమున్నవాళ్లు చూడొచ్చు. 1994లో వచ్చింది పేరుకే జంగిల్ బుక్, వదిలేయండి. దూరదర్శన్‌లో వచ్చినది జపాన్ వాళ్ల సీరియల్ కాబట్టి ఈ లెక్కలోకి రాదు.

గ్రాఫిక్స్, పాటలు అన్నీ తర్వాత. నేను ముందు చూసేది ఊరి సంగతి ఏం చేశారని. కిప్లింగ్ రాసిన అసలు కథలో, మోగ్లీ అనే మనిషి పిల్లాణ్ణి పెంచిన తోడేళ్ల గుంపే వద్దనుకుంటుంది. ఊళ్లోకి వెళ్తే మెస్సువా అనే ఆవిడ, పులి ఎత్తుకుపోయిన తన కొడుకే తిరిగొచ్చాడేమోనని పాలూ రొట్టే పెడుతుంది. చివరికి ఆ ఊరివాళ్లూ మంత్రగాడని రాళ్లు రువ్వి తరిమేస్తారు. అటూ ఇటూ కాకుండా పోయిన పిల్లాడి కథ అది.

కార్టూన్‌లో, నీళ్లకొచ్చిన అమ్మాయి వెంట మోగ్లీ ఊళ్లోకి వెళ్లిపోతాడు, కథ అయిపోతుంది. లోపల ఏం జరిగిందో మనకు తెలీదు. పైగా పుస్తకంలో వాణ్ణి కోతుల బారి నుంచి కాపాడిన కొండచిలువ కా, ఇక్కడ విలన్. అయినా ఎలుగుబంటి బాలూ పాట కోసం ఎన్నిసార్లైనా చూడొచ్చు. ఐదారేళ్ల పిల్లలకైతే ఇంకేం ఆలోచించకుండా ఇదే పెట్టండి.

2016 సినిమా చూడ్డానికి అద్భుతం. అడవంతా కంప్యూటర్‌లో కట్టిందేనంటే నమ్మబుద్ధి కాదు. పులి షేర్‌ఖాన్ మీద పగతో మోగ్లీ ఊళ్లోంచి కాగడా పట్టుకొస్తాడు. దారిలో నిప్పురవ్వలు రాలి అడవి అంటుకుంటుంది. నిన్నటిదాకా కలిసి తిరిగిన జంతువులే వాణ్ణి చూసి బెదిరిపోతాయి. వాడు కాగడాని నీళ్లలోకి విసిరేస్తాడు. ఇంతదాకా వచ్చిన సినిమా, చివర్లో వాణ్ణి హాయిగా అడవిలోనే ఉంచేసి చేతులు దులుపుకుంటుంది. నాకు నచ్చనిది అదే.

'మోగ్లీ'లోనూ వాడు చివరికి అడవికే వస్తాడు. కాకపోతే ఊళ్లో బతికి వస్తాడు. మెస్సువా ఆదరిస్తుంది, ఒక వేటగాడు వేట నేర్పుతాడు. భూత్ అని తెల్ల తోడేలు పిల్ల ఉంటుంది, మోగ్లీకి ప్రాణస్నేహితుడు. కోపంలో మోగ్లీ దాన్ని మనసు విరిగేలా ఒక మాట అనేస్తాడు. తర్వాత (కథ చెప్పేస్తున్నానని తిట్టుకోకండి) వేటగాడు చంపి దాచుకున్న జంతువుల మధ్య భూత్ కూడా కనిపిస్తుంది. మనుషుల్లో కలిసిపోదామనుకున్న పిల్లాడికి ఊరంటే ఏంటో ఆ ఒక్క సీన్‌లో తెలిసిపోతుంది. లోపాలు లేకపోలేదు. జంతువుల మొహాల్లో వాటికి గొంతిచ్చిన నటుల పోలికలు తేబోయి ఎబ్బెట్టుగా చేశారు, కాసేపు అలవాటు పడాలి. నా ఓటు మాత్రం దీనికే.

రక్తం, క్రూరత్వం బాగానే ఉన్నాయి కాబట్టి పన్నెండేళ్ల లోపు పిల్లలకి 'మోగ్లీ' వద్దు. ఎనిమిది, పదేళ్ల వాళ్లకి 2016ది పెట్టండి. షేర్‌ఖాన్ సీన్లకి జడుసుకుంటారు, పక్కన కూర్చోండి. 'మోగ్లీ' నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది, వాళ్లు పడుకున్నాక మీరు చూడండి.