తక్కువ బడ్జెట్ గేమింగ్ సిస్టమ్: కొన్నేళ్లు వాడాక ఏ భాగం ఎలా నిలిచింది

ముందు సిస్టమ్‌లో ఏమున్నాయో చెప్పేస్తాను. ప్రాసెసర్ ఏఎండీ రైజెన్ 5 5600. మదర్‌బోర్డు బీ550 చిప్‌సెట్‌ది, మైక్రో ఏటీఎక్స్ సైజు. ర్యామ్ డీడీఆర్4, 3200 వేగం, ఎనిమిదేసి జీబీల స్టిక్‌లు రెండు. గ్రాఫిక్స్ కార్డు రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600. ఒక టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 550 వాట్ల బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్ (అన్ని భాగాలకీ కరెంటు అందించే పవర్ సప్లై), ముందు మెష్ ఉన్న క్యాబినెట్, 1080పీ 144 హెర్ట్జ్ మానిటర్. ఇన్నాళ్లలో ర్యామ్ ఒక్కటే మార్చాను. మిగతావన్నీ మొదట బిగించినవే. పగలు మామూలు పని, రాత్రి ఆటలు, రెండూ దీని మీదే.

ఏ ఆటలో ఎన్ని ఫ్రేములు వస్తాయో ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి ఆ జాబితా పెట్టడం లేదు. భాగాలు ఒకదానితో ఒకటి ఎలా కుదిరాయో, కాలం గడిచాక అది ఎంత పనికొచ్చిందో మాత్రం రాస్తాను. తొలిసారి కొనేవాళ్ల టెన్షనంతా ఇది దాంట్లో పడుతుందా లేదా అన్నదాని మీదే ఉంటుంది. నన్నడిగితే అది చిన్న గొడవ. పట్టని భాగం పట్టదు, పెట్టె తెరిచిన గంటలో తెలిసిపోతుంది, వెనక్కిచ్చి మార్చుకుంటాం. చక్కగా పట్టి, ఆన్ అయి, ఏ ఎర్రరూ చూపించకుండా తక్కువ వేగంతో నడిచేదే అసలు నష్టం. అది ఏళ్ల తరబడి అలాగే నడుస్తుంది, మనం కూడా 'ఇంతేలే' అనుకుని అలవాటు పడిపోతాం.

దీనికి ర్యామ్‌ని మించిన ఉదాహరణ లేదు. డబ్బా మీద 3200 అని ఉన్న స్టిక్ చాలాసార్లు బోర్డులో పెట్టగానే ఆ వేగంతో నడవదు. బయోస్‌లోకి (బోర్డు సొంత సెట్టింగులు ఉండే చోటికి) వెళ్లి ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ (స్టిక్‌లోనే రాసి ఉంచిన పూర్తి వేగం సెట్టింగు) ఆన్ చేసేదాకా 2133 దగ్గరో 2666 దగ్గరో ఉండిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే ఒక్క క్షణంలో కనిపించే సంగతే ఇది. అయినా తెలిసినవాళ్ల సిస్టమ్ ఎప్పుడు చూసినా నేను ముందు తెరిచేది ఆ పేజీనే, ఎందుకంటే చాలాసార్లు అక్కడే దొరుకుతుంది తేడా. రెండోది స్లాట్లు. నాలుగు స్లాట్ల బోర్డు అయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోదీ నాలుగోదీ వాడాలి. మొదటి రెండింట్లో పక్కపక్కన పెట్టినా సిస్టమ్ ఆన్ అవుతుంది, కాకపోతే రెండు స్టిక్‌లూ ఒకే ఛానెల్‌లో (ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య డేటా వెళ్లే దారి) పడతాయి. 3200 వేగంలో ఒక్క ఛానెల్ ఇచ్చేది సెకనుకు 25.6 జీబీ, రెండు ఛానెళ్లయితే 51.2. డబ్బు కలిసొస్తుందని పదహారు జీబీల స్టిక్ ఒక్కటే కొని, తర్వాత చూద్దాంలే అనుకునేవాళ్లు ఈ సగాన్నే వదులుకుంటున్నారు.

నేను ర్యామ్ మార్చిన కథ కూడా ఇక్కడే చెప్పాలి. కొత్త ఆటలతో పాటు బ్రౌజర్ తెరిచి ఉంచితే 16 జీబీ చాలక కుదుపులు మొదలయ్యాయి. బోర్డులో రెండు స్లాట్లు ఖాళీగా ఉన్నాయి కదా అని అదే కంపెనీ, అదే మోడల్ నంబర్ ఉన్న ఇంకో జత తెచ్చి పెట్టాను. రెండు జతలూ విడివిడిగా 3200 దగ్గర హాయిగా నడిచాయి. నాలుగూ కలిపితే మాత్రం మెమరీ టెస్ట్‌లో ఎర్రర్లు, ఆట మధ్యలో ఎప్పుడో ఒకసారి బ్లూ స్క్రీన్. మోడల్ నంబర్ ఒకటే అయినా లోపలి మెమరీ చిప్‌లు బ్యాచ్‌ని బట్టి మారిపోతుంటాయి. పైగా ఈ తరం ప్రాసెసర్లకి ఏఎండీ ఇచ్చిన లెక్కలోనే రెండు స్టిక్‌లుంటే 3200 అనీ, నాలుగు సింగిల్ ర్యాంక్ (మెమరీ చిప్‌ల గుంపు ఒక్కటే ఉన్న) స్టిక్‌లుంటే 2933 అనీ ఉంది. ఆ వేగానికి దించగానే బ్లూ స్క్రీన్లు ఆగిపోయాయి. కొన్నాళ్లు అలా నడిపి, చివరికి నాలుగూ తీసేసి పదహారేసి జీబీల జత ఒకటి పెట్టాను. ఖాళీ స్లాట్లు చూసి తర్వాత పెంచుకోవచ్చని ధీమాగా ఉండడం కంటే, మొదటే పెద్ద జత కొనడం మేలని ఇప్పుడు గట్టిగా చెప్తాను.

ప్రాసెసర్ విషయంలో పేర్లు బాగా తికమక పెడతాయి. 5600, 5600జీ, 5500 మూడూ ఒకే ఏఎం4 సాకెట్‌లో కూర్చుంటాయి, మూడింటికీ ఆరు కోర్లే. కానీ 5600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపల ఉండే చిన్న, వేగమైన మెమరీ) 32 ఎంబీ, మిగతా రెండింట్లో 16. ఆటలకి ఈ క్యాష్ బాగా అక్కరకొస్తుంది. అంతకంటే కనపడని తేడా ఇంకోటుంది: 5600 పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డుకి డేటా వెళ్లే దారి) 4.0 ఇస్తుంది, మిగతా రెండూ 3.0 దగ్గరే ఆగిపోతాయి. బోర్డు బీ550 అయినా సరే, ప్రాసెసర్ ఇవ్వనిది బోర్డు ఇవ్వలేదు.

అయితే ఏంటట అనిపించొచ్చు. బడ్జెట్ కార్డుల దగ్గరే ఇది తగిలేది. ఖరీదైన కార్డులు పదహారు లేన్లు (ఆ దారిలోని వరసలు) వాడుకుంటాయి, వాటికి 3.0 ఇచ్చినా పెద్దగా పట్టింపు ఉండదు. ఆర్‌ఎక్స్ 6600 వాడేది ఎనిమిది లేన్లే. స్లాట్ పొడవుగానే ఉంటుంది, కార్డు అంచు కూడా పూర్తిగానే కనిపిస్తుంది, లోపల పనిచేసేవి మాత్రం సగం. 3.0లో పెట్టినా ఈ కార్డు చాలా ఆటల్లో కొంచెమే తగ్గుతుంది. 2022 జనవరిలో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి ఉన్నవి నాలుగే లేన్లు, మెమరీ కూడా 4 జీబీయే. మెమరీ నిండినప్పుడు టెక్స్చర్లు (ఆటలో వస్తువుల పైన పరిచే బొమ్మలు) ఆ సన్నటి దారిలోంచే అటూ ఇటూ తిరగాలి. 4.0లో సెకనుకు 8 జీబీకి కాస్త అటూఇటుగా వెళ్లే దారి, 3.0లో సుమారు 4కి పడిపోతుంది. అప్పుడు చూడాలి కుదుపులు! ఆ కార్డుని 3.0 దగ్గరే ఆగే పాత బీ450 బోర్డు మీదో 5500 ప్రాసెసర్ పక్కనో పెట్టడమంటే తక్కువ ధర కార్డుని ఇంకా తక్కువ కార్డుగా మార్చుకోవడమే. ఏ కంపాటిబిలిటీ పట్టిక చూసినా ఇవన్నీ 'సరిపోతాయి' అనే చెప్తుంది.

5600జీ పనికిరాదని కాదు. గ్రాఫిక్స్ కార్డు ఇంకో ఆరు నెలలకి గానీ కొనలేనివాళ్లకి అదే దారి, ఎందుకంటే అందులో గ్రాఫిక్స్ ఉంది. మామూలు 5600లో లేదు. ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్లకీ ఉండదు. కార్డు పాడై రిపేర్‌కి వెళ్తే నా సిస్టమ్ తెర మీద ఏమీ రాదు. అది తెలిసే తీసుకున్నాను, ఇంతవరకు ఆ అవసరం పడలేదు.

బయోస్ సంగతి క్లుప్తంగా. బీ550 బోర్డులు 2020 జూన్‌లో వచ్చాయి, 5000 సిరీస్ ప్రాసెసర్లు అదే ఏడాది నవంబర్‌లో, 5600 అయితే 2022 ఏప్రిల్‌లో. అంటే చాలాకాలం గోదాములో ఉన్న బోర్డు అయితే ఈ ప్రాసెసర్‌ని గుర్తుపట్టకపోవచ్చు. పెన్‌డ్రైవ్ గుచ్చి, ప్రాసెసర్ లేకుండానే బయోస్ అప్‌డేట్ చేసే బటన్ ఉన్న బోర్డు తీసుకుంటే ఆ బెంగ ఉండదు. నేను మిగతా ఖర్చులకి వెనకాడినా దీనికి వెనకాడలేదు. తర్వాత కూడా బయోస్ అప్‌డేట్లు ఊరికే పోలేదు. విండోస్ 11లో ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోనే నడిచే టీపీఎం అనే భద్రతా ఏర్పాటు) వల్ల ఉన్నట్టుండి సిస్టమ్ క్షణకాలం బిగుసుకుపోయే సమస్యని ఏఎండీ 2022లో ఒప్పుకుంది, దానికి మందు బయోస్ అప్‌డేటే. టీపీఎం ఆపేసుకుందాం అంటే కుదరదు: విండోస్ 11లో వాలొరెంట్ అనే ఆట ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే సిస్టమ్‌ని మొదలవనిచ్చే సెట్టింగు) రెండూ ఆన్‌లో ఉండాలి.

ప్రాసెసర్‌తో వచ్చిన కూలరే ఇప్పటికీ వాడుతున్నాను. బిగించేటప్పుడు ఒక తమాషా ఉంది. బోర్డు మీద ముందే ఉండే రెండు ప్లాస్టిక్ పట్టీలు ఈ కూలర్‌కి అక్కర్లేదు, విప్పేయాలి. విప్పగానే బోర్డు వెనక ఉన్న లోహపు పలక వదులై కింద పడిపోతుంది. బోర్డు క్యాబినెట్‌లోకి వెళ్లకముందే, బల్ల మీద ఉండగానే, ఆ పలకని కింద నుంచి చేత్తో అదిమిపెట్టి నాలుగు స్క్రూలూ మూలమూలకి కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ రావాలి. ఒక మూల పూర్తిగా బిగిస్తే ఎదురు మూల స్క్రూ అందదు. ఇక శబ్దం అంటారా, బరువైన ఆటల్లో ఫ్యాన్ వినిపిస్తుంది. హెడ్‌ఫోన్ పెట్టుకునేవాడిని కాబట్టి సర్దుకుపోయాను. ఏడాదికోసారి దుమ్ము ఊదితే చాలు.

ఎస్‌ఎంపీఎస్ గురించి మాత్రం నా మాట కాస్త కటువుగానే ఉంటుంది. చాలామంది వాట్లు చూసి కొంటారు. ఆర్‌ఎక్స్ 6600 వాడేది 132 వాట్లు, 5600 గరిష్ఠంగా 76. బోర్డు, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నీ కలిపినా మూడొందలు దాటదు. కాబట్టి పేరు లేని 750 వాట్ల డబ్బా కంటే, నమ్మకమైన 550 వాట్లది వెయ్యి రెట్లు నయం. 80 ప్లస్ బ్రాంజ్ అన్న ముద్ర కూడా కరెంటు ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పేదే, లోపలి రక్షణల గురించి అది ఏమీ చెప్పదు. నేను చూసింది వారంటీ ఎన్నేళ్లు ఇస్తున్నారు, గ్రాఫిక్స్ కేబుళ్లు ఎన్ని ఉన్నాయి అన్నవే.

కేబుళ్లలో ఒకటి జాగ్రత్త. ప్రాసెసర్‌కి వెళ్లే ఎనిమిది పిన్నుల కేబుల్ నాలుగు-నాలుగుగా విడిపోతుంది, గ్రాఫిక్స్ కార్డుది ఆరు-రెండుగా. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ 12 వోల్టులూ గ్రౌండూ వాటిలో తారుమారుగా ఉంటాయి. గాడులు వేరు కాబట్టి మామూలుగా పట్టవు; పట్టడం లేదని బలం ఉపయోగించకూడదు, అంతే. విడదీసే కేబుళ్లున్న మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ అయితే పాతదాని కేబుళ్లు కొత్తదానికి ఎప్పుడూ వాడొద్దు. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీకో రకం, ఒక్కోసారి అదే కంపెనీలో మోడల్‌కో రకం. సరిగ్గా కూర్చుంటుంది, స్విచ్ వేయగానే డిస్క్‌లు కాలిపోవచ్చు.

చిన్నవి రెండు మూడు. నా బోర్డులో రెండో ఎం.2 స్లాట్ (ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ పెట్టేది) వాడితే రెండు సాటా పోర్టులు (హార్డ్ డిస్క్‌లు తగిలించేవి) ఆగిపోతాయి. మాన్యువల్‌లో ఒక్క లైనులో ఉంటుంది ఈ సంగతి. పాత హార్డ్ డిస్క్‌లు తెచ్చుకునేవాళ్లు కొనేముందే మాన్యువల్ డౌన్‌లోడ్ చేసుకుని చూసుకోవాలి. క్యాబినెట్ ముందున్న టైప్-సీ పోర్టుకి బోర్డు మీద వేరే కనెక్టర్ ఉండాలి, నా బోర్డుకి లేదు. ఆ పోర్టు ఇప్పటికీ అలంకారమే. ఇక మానిటర్: 144 హెర్ట్జ్‌ది కొన్నా విండోస్ సెట్టింగుల్లో మనం మార్చేదాకా 60 దగ్గర నడవొచ్చు. కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే గుచ్చాలి, బోర్డుకి కాదు.

ఇప్పుడు దీని మీద ఆటలు ఎలా ఉన్నాయంటే, పోటీ ఆటల్లో 144 హెర్ట్జ్ నిండుగా వాడుకుంటున్నాను. కథ ఉన్న పెద్ద ఆటలు మొదట్లో హైలో పెట్టినవి, ఇప్పుడు కొత్తవాటిలో మీడియంకి దించాను. రే ట్రేసింగ్ (వెలుగునీడల్ని నిజంలా లెక్కగట్టి చూపించే పద్ధతి) ఈ కార్డులో ఉందంటే ఉంది, ఆన్ చేస్తే ఆట నీరసపడిపోతుంది. 8 జీబీ మెమరీ వయసు తెలుస్తోంది: టెక్స్చర్లు అల్ట్రాలో పెడితే కొన్ని ఆటల్లో ముద్దగా వచ్చి తర్వాత తేరుకుంటాయి, ఒక మెట్టు దించితే సర్దుకుంటుంది. కొన్నప్పుడు బడ్జెట్‌లో మూడో వంతుకి పైగా ఈ కార్డుకే పోయింది, అదే సరైన లెక్క అని ఇప్పటికీ అంటాను.

ఇవాళ కొత్తగా కొనేవాళ్లు ఇదే జాబితా ఎత్తి రాసుకోనక్కర్లేదు. ఏఎం4కి ఇక పెద్ద భవిష్యత్తు లేదు. దాని తర్వాతి సాకెట్ ఏఎం5ని 2027 దాకా, ఆపైన కూడా నడుపుతామని ఏఎండీ చెప్పింది. బడ్జెట్ సాగితే అటే వెళ్లాలి, దానికి డీడీఆర్5 తప్ప వేరే ర్యామ్ పట్టదు. ఇంటెల్ 12వ తరం బోర్డుల్లో అయితే కొన్ని డీడీఆర్4వి, కొన్ని డీడీఆర్5వి. మోడల్ పేరు చివరిదాకా చదవాలి. చేతిలో ఉన్నది తక్కువైతే ఏఎం4 ఇంకా పనికొస్తుంది, ముఖ్యంగా ర్యామ్ ముందే ఉన్నవాళ్లకి.

నేను మాత్రం ఈ బోర్డునీ ప్రాసెసర్‌నీ ఉంచి, తర్వాత 16 జీబీ మెమరీ ఉన్న కార్డు పెడదామనుకుంటున్నాను. ఒక్క ఎనిమిది పిన్నుల కనెక్టర్‌తో నడిచే కార్డు అయితే ఈ ఎస్‌ఎంపీఎస్ చాలు. లేన్లు ఎనిమిదే ఉన్న కార్డు వచ్చినా 4.0 ఉంది కాబట్టి దిగుల్లేదు. పొడవు ఒక్కటే చూడాలి: క్యాబినెట్ కంపెనీ రాసే కొలత ముందు ఫ్యాన్ లేకుండా రాసినదై ఉండొచ్చు, ఫ్యాన్ మందం 25 మిల్లీమీటర్లు అందులోంచి తీసేశాక మిగిలిందే మనది. మూడు ఫ్యాన్ల మోడళ్లు దాంతో జాబితాలోంచి పోయాయి, రెండు ఫ్యాన్లవే చూస్తున్నాను.