డయాలసిస్‌కు హైదరాబాద్ మేలా, జిల్లా ఆసుపత్రి మేలా?

కిడ్నీలు ఇక పని చేయవని డాక్టరు చెప్పిన వారం లోపే ఇంట్లో ఈ ప్రశ్న మొదలవుతుంది. అడిగేవాళ్ళలో చాలామంది ఒక్కో డయాలసిస్‌కు ఎంతవుతుందో కనుక్కొని మరీ వస్తారు. నా దృష్టిలో అది రెండో లెక్క. ఆరోగ్యశ్రీ వర్తించే ఆసుపత్రి ఏదైనా డయాలసిస్‌కు డబ్బు కట్టనక్కర్లేదు. 2007లో ఆ పథకం మొదలైన తొలి మూడు జిల్లాల్లో పాలమూరు ఒకటి కనుక కార్డు సంగతి మనవాళ్ళకు కొత్తగా చెప్పనవసరం లేదు.

మొదటి లెక్క రోజులది. వారానికి మూడుసార్లంటే ఏడాదికి 156 రోజులు. రోగికి తోడుగా ఇంకొకరు వెళ్ళాలి కాబట్టి ఇంట్లో ఇద్దరి పని దినాలు పోతాయి. మిషన్ మీద ఉండేది నాలుగు గంటలే. కానీ అచ్చంపేట వైపు నుంచి హైదరాబాద్ వెళ్ళాలంటే చీకటితో బయలుదేరి చీకటి పడ్డాక ఇల్లు చేరడమే. జిల్లా కేంద్రంలోనో, ఇంకా దగ్గరలోనో అయితే తోడు వెళ్ళినవారికి కనీసం ఒక పూట మిగులుతుంది. బస్సులో ఆడవాళ్ళకు టికెట్ లేదని ఈ తోడు పని భార్యకో కూతురికో అప్పగిస్తున్నారు. టికెట్ డబ్బులు మిగిలాయని సంబరపడతారు గానీ, పత్తి ఏరే రోజుల్లో ఆమె కూలి ఎంత పోయిందో ఎవరూ రాసుకోరు. డయాలసిస్ రోగులకు 2022లో మొదలైన 2,016 రూపాయల పింఛను ఆ లోటు ముందు ఏపాటిది?

దూరంతో అసలు నష్టం మరొకటి ఉంది. తిరగలేక మూడుసార్లను రెండు చేసుకుంటారు, పండగో నాట్లో వస్తే ఒకటి. ఒంట్లో నీరు చేరి, ఆయాసంతో అర్ధరాత్రి ఐసీయూకి పరుగెత్తుతారు. ఎకరం అమ్ముకున్న ఇళ్ళ కథ కదిపి చూడండి, ఎక్కువసార్లు డయాలసిస్ ఖర్చు కాదు, ఇలాంటి రాత్రులే బయటపడతాయి.

అందుకే నా ఓటు దగ్గరి కేంద్రానికే. అయితే హైదరాబాద్‌ను పూర్తిగా వదలమనను. చాలా చిన్న కేంద్రాల్లో రోజూ కనిపించేది టెక్నీషియనే, కిడ్నీ డాక్టరు కాదు. చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలను కలిపే చిన్న ఆపరేషను, పనికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది) వేయించుకోవడం, మధ్యమధ్య పెద్ద డాక్టరుకు చూపించుకోవడం, వీటికి నగరం వెళ్ళక తప్పదు. రక్తం పెరగడానికి ఇచ్చే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షను కేంద్రంలోనే ఇస్తారా, బయట కొనుక్కోవాలా అన్నది చేరే ముందే అడగండి. ఉచితం అనుకున్నచోట ఇంటి డబ్బు జారిపోయేది ఇలాంటి వాటి దగ్గరే.

నగరంలో గది అద్దెకు తీసుకోవడం పొలమూ పశువులూ లేనివాళ్ళకే కుదురుతుంది.

ఇంట్లోనే కడుపులోకి ద్రవం ఎక్కించి తీసే పద్ధతికి తిరుగుడు బెడద లేదు. రోజుకు మూడు నాలుగుసార్లు శుభ్రంగా చేయగల మనిషి, శుభ్రమైన చోటు ఉండాలి. చెయ్యి కడగడంలో అజాగ్రత్త చేస్తే కడుపులో ఇన్ఫెక్షను వస్తుంది.

కిడ్నీ మార్పిడికి వయసు, ఆరోగ్యం సహకరిస్తే కాలం గడిచేకొద్దీ అదే చవక. మందులు మాత్రం జీవితాంతం మానకూడదు. ఇంట్లో దాత లేకపోతే జీవన్‌దాన్‌లో (చనిపోయినవారి అవయవాలను అవసరమైనవారికి అందించే ప్రభుత్వ కార్యక్రమం) పేరు నమోదు చేయించండి. దానికోసం డయాలసిస్ ఆపాల్సిన పని లేదు, రెండూ పక్కపక్కనే నడుస్తాయి.

ఇప్పటికే నగరంలో చేయించుకుంటున్నవాళ్ళు ఊరికి మారాలనుకుంటే, ఇక్కడ స్లాట్ ఖాయమయ్యేదాకా అక్కడిది వదులుకోవద్దు. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి రిపోర్టులు, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) రాసిన చార్టు వెంట తెచ్చుకోండి. ఆ రిపోర్టుల్లో పాజిటివ్ ఉంటే వేరే మిషన్ కావాలి. అది ప్రతి కేంద్రంలోనూ ఉండదు కాబట్టి ఫోను చేసి అడిగాకే బయలుదేరండి.